మూత్రంలో మంట: మాత్రకు ముందు పరీక్ష

మూత్రంలో మంట అని ఇంట్లో ఎవరైనా అంటే చాలు, "వేడి చేసింది" అంటారు పెద్దవాళ్లు. ఆ వెంటనే పొయ్యి మీద బార్లీ కాగుతుంది, గ్లాసులో సబ్జా గింజలు నానతాయి, ఎవరో ఒకరు కొబ్బరి బోండాం తెస్తారు. ఎండన పడి తిరిగి, నీళ్లు చాలక మూత్రం చిక్కబడితే పుట్టే మంట ఈ చలవకే సాయంత్రానికల్లా తగ్గిపోతుంది. అందుకే ఆ నమ్మకం ఇన్నాళ్లు నిలిచింది.

చిక్కల్లా రెండో రకం మంటతోనే. ఎన్ని నీళ్లు తాగినా అది తగ్గదు. ఇప్పుడే వెళ్లొచ్చినా మళ్లీ వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలు. పొత్తికడుపు బరువుగా ఉంటుంది, నొప్పి పెడుతుంది. మూత్రం తేటగా ఉండదు, వాసన మారుతుంది, ఒక్కోసారి ఎర్రజీర కనిపిస్తుంది. ఇలా ఉంటే అది వేడి కాదు. చాలామందిలో యూరిన్ ఇన్ఫెక్షనే.

ఆడవాళ్లలో సుమారు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. ఇంత మామూలు జబ్బే అయినా, జ్వరం గురించి చెప్పినట్టు దీని గురించి ఎవరూ చెప్పరు. కోడలు అత్తగారికి చెప్పదు, ఆడపిల్ల నాన్నకు చెప్పదు, తాతగారు కొడుక్కి చెప్పరు. వణుకుతో జ్వరం వచ్చాక గానీ సంగతి బయటపడదు. అంతదాకా రాకుండా చూద్దామనుకునేవాళ్లు మందుల షాపు నుంచి రెండు మాత్రలు తెప్పించుకుని మింగేస్తారు. చెప్పకుండా దాచుకోవడం ఒకటి, తెలియకుండా మాత్ర మింగడం ఇంకొకటి. తేలిగ్గా నయమయ్యే జబ్బు మొండికెత్తడానికి ఈ రెండూ చాలు.

అసలు ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఈ ఇన్ఫెక్షన్లలో 75 నుంచి 80 శాతానికి కారణం ఇ.కోలి అనే బ్యాక్టీరియా. 1885లో జర్మనీలోని మ్యూనిక్‌లో థియోడార్ ఎషెరిష్ అనే పిల్లల వైద్యుడు పసిబిడ్డల మలంలో దీన్ని గుర్తించాడు. తర్వాతి కాలంలో ఆయన పేరే దానికి పెట్టారు. ఇది దాదాపు ప్రతి మనిషి పేగుల్లోనూ ఉంటుంది. పేగుల్లో ఉన్నంతసేపూ మామూలుగా ఏ ఇబ్బందీ పెట్టదు. మలద్వారం దగ్గరి చర్మం మీదుగా మూత్రమార్గంలోకి చేరి, పైకి ఎక్కి మూత్రాశయంలో పడితే అప్పుడు గొడవ మొదలవుతుంది. ఆడవాళ్లలో ఆ మార్గం పొడవు నాలుగు సెంటీమీటర్లు. మగవాళ్లలో దాదాపు ఇరవై. ఈ జబ్బు ఆడవాళ్లకే ఎక్కువగా రావడానికి ముఖ్య కారణం ఈ కొలతే. శుభ్రత లేకపోవడమో, నడత బాగా లేకపోవడమో కాదు.

పబ్లిక్ టాయిలెట్‌కు వెళ్తే ఇన్ఫెక్షన్ అంటుకుంటుందని చాలామంది భయపడతారు. బడిలో, బస్టాండులో, ఆఫీసులో ఆ భయంతోనే పొద్దుటి నుంచి ఆపుకుంటారు. నిజానికి వచ్చే బ్యాక్టీరియా దాదాపు ఎప్పుడూ ఎవరి ఒంట్లోది వాళ్లదే. టాయిలెట్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకుని కూర్చోవడమే అసలు ముప్పు. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ లోపలికి చేరిన బ్యాక్టీరియాలో చాలా భాగం ధారతో పాటు బయటికి కొట్టుకుపోతుంది. దేవుడిచ్చిన రక్షణ అదే. ఆపుకునేకొద్దీ ఆ రక్షణ పోతుంది.

అయితే ఇ.కోలి అంత తేలిగ్గా కొట్టుకుపోయే రకం కాదు. దాని ఒంటినిండా సన్నటి నూగులాంటి పోగులుంటాయి. ఆ పోగుల కొసన ఉన్న ఒక ప్రొటీన్ మూత్రాశయం గోడ కణాల మీది మానోజ్ అనే చక్కెరను, పల్లేరు కాయ పంచె అంచును పట్టుకున్నట్టు పట్టేసుకుంటుంది. కొన్ని బ్యాక్టీరియాలు ఆ కణాల లోపలికే దూరతాయి. వాటిని తరిమే ప్రయత్నంలో శరీరం తెల్ల రక్తకణాలను పంపుతుంది, గోడ వాస్తుంది, మంట పుడుతుంది. ల్యాబు రిపోర్టుల్లో "పస్ సెల్స్" అని రాసేది ఆ తెల్ల కణాల గురించే. ఇన్ఫెక్షన్ అక్కడితో ఆగక మూత్రనాళాల మీదుగా కిడ్నీ దాకా పాకితే చలి, వణుకుతో జ్వరం వస్తుంది, వీపున పక్కటెముకల కింద ఒకవైపు నొప్పి వస్తుంది, వాంతులవుతాయి.

మూత్రంలో మంట ప్రతిసారీ ఇన్ఫెక్షనే కానక్కర్లేదు కూడా. కిడ్నీలో రాయి జారినా, యోని దగ్గర ఫంగస్ చేరినా, లైంగికంగా సంక్రమించే జబ్బులున్నా అదే మంట వస్తుంది. తెల్లబట్ట, దురద ఉంటే డాక్టరు ఆలోచించే దారే వేరు. కాబట్టి మంట ఒక్కటే చూసి మాత్ర వేసుకోవడం చీకట్లో రాయి వేయడమే. ముందు పరీక్ష కావాలి.

ఆ పరీక్ష వెనుక ఒక చక్కటి చరిత్ర ఉంది. 1950ల దాకా ఆడవాళ్ల మూత్రం పరీక్షించాలంటే గొట్టం వేసి తీసేవారు. మామూలుగా పట్టిన మూత్రంలో చర్మం మీది బ్యాక్టీరియా కలిసిపోతుందని వైద్యుల అనుమానం. కానీ ఆ గొట్టమే లోపలికి బ్యాక్టీరియాను మోసుకుపోయేది. బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ అనే వైద్యుడు దీనికి 1956లో లెక్కతో దారి చూపాడు. శుభ్రంగా పట్టిన మూత్రంలో మిల్లీలీటరుకు లక్ష, అంతకు మించి బ్యాక్టీరియా ఉంటే అది నిజమైన ఇన్ఫెక్షన్ గుర్తు, కొద్ది వేలే ఉంటే బయటి నుంచి కలిసినవి కావచ్చు అన్నాడు. 1958లో పాల్ బీసన్ అనే మరో వైద్యుడు ఆ గొట్టానికి వ్యతిరేకంగా ఒక సంపాదకీయమే రాశాడు. లక్షణాలు స్పష్టంగా ఉన్న మనిషిలో అంతకంటే తక్కువ సంఖ్యను కూడా లెక్కలోకి తీసుకోవాలని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అయినా ల్యాబు రిపోర్టుల్లో కనిపించే ఆ లక్ష సంఖ్య కాస్ నాటిదే.

అందుకే ల్యాబులో ఇచ్చే ఆ చిన్న డబ్బా నింపడంలోనే సగం పరీక్ష ఉంది. ముందు చేతులు కడుక్కోవాలి. మూత్రమార్గం చుట్టూ మంచినీళ్లతో శుభ్రం చేసుకోవాలి. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను డబ్బాలో పట్టి, చివరిది మళ్లీ వదిలేయాలి. డబ్బా లోపలి అంచును, మూత లోపలి భాగాన్ని వేలితో తాకకూడదు. రాత్రంతా మూత్రాశయంలో నిలిచిన పొద్దుటి మూత్రమైతే మరీ మంచిది. రెండు గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. డబ్బాను సంచిలో వేసుకుని మధ్యాహ్నం దాకా ఎండలో తిరిగితే బ్యాక్టీరియా అందులోనే రెట్టింపు మీద రెట్టింపు అవుతుంది, లేని జబ్బు రిపోర్టులో పుడుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: డబ్బా నింపేది యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే. ఒక మాత్ర పడ్డాక ఇచ్చిన నమూనాలో ఏమీ పెరగకపోవచ్చు.

ల్యాబులో ఆ డబ్బాకు జరిగేది చూడముచ్చటగా ఉంటుంది. మైక్రోబయాలజీ విభాగంలో టెక్నీషియన్ సన్నటి తీగ ఉంగరాన్ని మూత్రంలో ముంచుతారు. ఆ ఉంగరంలో నిలిచేది మిల్లీలీటరులో సరిగ్గా వెయ్యో వంతు. దాన్ని మెకాంకీ అగార్ అనే పోషక పదార్థం పోసిన ప్లేటు మీద గీతలు గీతలుగా పూసి, 37 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతారు. తెల్లారేసరికి ఇ.కోలి ఉంటే ప్లేటు మీద గులాబీ రంగు చుక్కలు లేస్తాయి. వంద చుక్కలుంటే మిల్లీలీటరుకు లక్ష అని లెక్క. ఆ చుక్కల్లోంచి కొంత తీసి మరో ప్లేటు నిండా పరిచి, ఒక్కోదానిలో ఒక్కో యాంటీబయోటిక్ ఇంకించిన చిన్న కాగితపు బిళ్లలు దాని మీద పెడతారు. మర్నాటికి, పనిచేసే మందు బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా లేని తేట వలయం ఏర్పడుతుంది. పనిచేయని మందు బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా ఒత్తుగా పెరిగే ఉంటుంది. ఆ వలయాలను స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి, ఎస్ అనో ఆర్ అనో రాస్తారు. ఎస్ అంటే మందు పనిచేస్తుంది, ఆర్ అంటే పనిచేయదు. దీన్నే కల్చర్ అండ్ సెన్సిటివిటీ అంటారు. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది.

మొదటిసారి, మామూలు మంటతో వచ్చిన ఆరోగ్యవంతురాలికి డాక్టరు కల్చర్ లేకుండానే, లక్షణాలను, మూత్రపరీక్షను బట్టి మందు రాయవచ్చు. గర్భిణికి, మగవాళ్లకు, పిల్లలకు, జ్వరం ఉన్నవాళ్లకు, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు, ఈ మధ్యే యాంటీబయోటిక్ వాడినవాళ్లకు మాత్రం కల్చర్ తప్పనిసరి.

మూత్రాశయం దాకానే ఉన్న ఇన్ఫెక్షన్‌కు ఇప్పుడు ఎక్కువగా నమ్ముకునే మందులు రెండూ పాతవే. నైట్రోఫ్యూరాంటోయిన్ 1953 నుంచి వాడుకలో ఉంది. అది మూత్రంలోకే వెళ్లి అక్కడే పనిచేస్తుంది కాబట్టి పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను పెద్దగా కదపదు. మామూలుగా అయిదు రోజులు, అన్నం తిన్నాక వేసుకోవాలి. మూత్రం ముదురు పసుపుగానో గోధుమ రంగులోనో వస్తే కంగారు పడనక్కర్లేదు, అది మందు రంగే. కిడ్నీల పనితీరు బాగా తగ్గినవాళ్లకూ, నెలలు నిండిన గర్భిణులకూ ఇది పనికిరాదు. రెండోది 1969లో స్పెయిన్‌లో కనుగొన్న ఫాస్ఫోమైసిన్. మూడు గ్రాముల పొడిని నీళ్లలో కలుపుకుని ఒక్కసారి తాగితే సరిపోతుంది. కిడ్నీ దాకా పాకిన జ్వరానికి మాత్రం ఈ రెండూ చాలవు. దానికి వేరే మందులు, ఎక్కువ రోజులు, కొందరికి ఆసుపత్రిలో ఇంజెక్షన్లు కావాలి.

మంటకు మందుల షాపులో ఇచ్చే తియ్యటి సిరప్ సంగతి కూడా తెలుసుకోవాలి. అది మూత్రంలో ఆమ్లం తగ్గించి మంటకు ఉపశమనం ఇస్తుంది. బ్యాక్టీరియాను చంపదు. పైగా నైట్రోఫ్యూరాంటోయిన్ ఆమ్ల మూత్రంలోనే బాగా పనిచేస్తుంది. కాబట్టి సొంతంగా సిరప్ తాగుతున్నవాళ్లు ఆ మాట డాక్టరుకు చెప్పి తీరాలి.

ఇక షాపులో అడగ్గానే చేతికొచ్చే నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రల విషయం. ఏళ్ల తరబడి విచ్చలవిడిగా వాడటంతో మన దేశంలో ఇ.కోలి చాలా చోట్ల వీటికి లొంగడం మానేసింది. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబం మందులను వేరే దారి ఉన్నంతవరకూ మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్‌కు వాడవద్దని అమెరికా ఔషధ సంస్థ 2016లో హెచ్చరించింది. కండర బంధాలు, నరాలు దెబ్బతినే ప్రమాదమే అందుకు కారణం.

యాంటీబయోటిక్‌లు మనిషి చేతికి వచ్చి నిండా నూరేళ్లు కూడా కాలేదు. చాలా రకాల బ్యాక్టీరియా మీద పనిచేసే తొలి బ్రాడ్ స్పెక్ట్రం యాంటీబయోటిక్‌లలో ఒకటైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో వెలువడింది. ఆ పరిశోధనకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ తరం కష్టపడి సాధించిన మందులు చేజారిపోతున్నాయనడానికి గుర్తు 2008లో స్వీడన్‌లో కనిపించింది. భారతదేశంలో ఆసుపత్రిలో ఉండి తిరిగొచ్చిన ఒక రోగి మూత్రంలో, అన్నిటికన్నా చివరి అస్త్రంగా దాచుకున్న కార్బపెనెమ్ మందులకు కూడా లొంగని బ్యాక్టీరియా దొరికింది. దానికి ఆ శక్తినిచ్చిన ఎంజైముకు న్యూఢిల్లీ పేరు మీద ఎన్‌డీఎం-1 అని పేరు పెట్టారు. ఇలాంటి మందుల విచ్చలవిడి వాడకాన్ని అరికట్టడానికి 2014 నుంచి మన దేశంలో హెచ్1 షెడ్యూలు అమల్లో ఉంది. అందులోని యాంటీబయోటిక్‌లు అమ్మితే చీటీ రాసిన డాక్టరు, రోగి వివరాలు షాపువాళ్లు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనకూడదని 2016లో కేంద్రం ప్రచారం చేపట్టింది. ఆ గీత ఉన్న అట్టను సగం వాడి, మిగతా మాత్రలు దాచి, మళ్లీ మంట వచ్చినప్పుడు వేసుకోవడం ఎంతమాత్రం మంచిది కాదు.

కొందరి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. గర్భిణుల్లో 2 నుంచి 10 శాతం మందికి ఏ మంటా లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుంది. వైద్యం చేయకపోతే వారిలో దాదాపు మూడో వంతు మందికి అది కిడ్నీకి పాకవచ్చు, నెలలు నిండకుండా కాన్పు కావచ్చు. ముందే పట్టుకుని మందిస్తే ఈ ముప్పు తప్పుతుందని చూపించిన వారిలోనూ కాస్ ఒకరు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. అక్కడ మూత్రం కల్చర్ గురించి నోరు తెరిచి అడగాలి.

షుగరు ఉన్నవాళ్లలో ఇన్ఫెక్షన్ త్వరగా ముదురుతుంది. నరాలు మొద్దుబారి మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవడం ఒక కారణం. మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపే గ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవాళ్లకు జననాంగాల దగ్గర ఫంగస్ చేరి మంట పుట్టవచ్చు, దాని వైద్యం వేరు. మగవాళ్లలో ఈ ఇన్ఫెక్షన్ వచ్చిందంటే ప్రోస్టేట్ వాపో, రాయో, మరే అడ్డంకో ఉందేమో చూడాలి. ఏడాది లోపు పసిబిడ్డ మంట అని చెప్పలేదు. జలుబూ దగ్గూ లేకుండా జ్వరం వస్తే, పాలు తాగకపోతే, మూత్రం పరీక్ష చేయించాలి.

మంచాన పడ్డ పెద్దవాళ్లకు గొట్టం వేస్తే, ఉంచిన ప్రతి రోజూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం. అవసరం తీరిన రోజే దాన్ని తీయించాలి. మూత్రం చేరే సంచి ఎప్పుడూ నడుముకంటే కిందే వేలాడాలి, నేలకు ఆనకూడదు. మరోవైపు, ఏ బాధా లేని పెద్దవాళ్ల రిపోర్టులో పస్ సెల్సో బ్యాక్టీరియానో కనిపించాయని మందు వాడితే మేలు లేదు. బ్యాక్టీరియా మొండికెత్తడమే మిగులుతుంది.

ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే దాన్ని మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్ అంటారు. ఇలాంటివారికి నీళ్లు ఎంత మేలు చేస్తాయో బల్గేరియాలో చేసిన ఒక అధ్యయనం తేల్చింది. 2018లో వెలువడిన ఆ అధ్యయనంలో, రోజుకు లీటరున్నర కూడా తాగని 140 మంది ఆడవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు మాత్రమే అదనంగా మరో లీటరున్నర నీళ్లు తాగింది. ఏడాది తిరిగేసరికి నీళ్లు తాగిన జట్టులో ఒక్కొక్కరికి సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, తాగనివారిలో 3.2 సార్లు వచ్చింది. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు కొలిచి తాగాల్సినవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. ముట్లుడిగిన ఆడవాళ్లకు యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము పనిచేస్తుందని 1993లోనే నిరూపించారు. దీని గురించి గైనకాలజిస్టును మొహమాటపడకుండా అడగవచ్చు. దాంపత్యం తర్వాత మూత్రానికి వెళ్లడం, మలవిసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కి కడుక్కోవడం, లోపల సబ్బులూ లోషన్లూ వాడకపోవడం డాక్టర్లు చెప్పే జాగ్రత్తలు.

నీళ్లు తాగమని చెప్పడం తేలికే. రోజంతా నిలబడి పనిచేసేచోట టాయిలెట్ లేని ఆడమనిషి ఎలా తాగుతుంది? కేరళలోని కోజికోడ్‌లో మిఠాయి తెరువు దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు ఈ ప్రశ్ననే వీధిలోకి తెచ్చారు. కూర్చోవడానికి వీల్లేదు, మూత్రానికి వెళ్లడానికి చోటు లేదు. నీళ్లు మానేసి, మూత్రం ఆపుకుని ఇన్ఫెక్షన్లపాలైనవారు వాళ్లలో ఎందరో. కుట్టుపని చేసుకునే విజి ముందుండి, పెన్‌కూట్టు అనే సంఘం ద్వారా వారిని కూడగట్టారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనివారికి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. మన ఊళ్లలో బట్టల షాపుల్లో, బడుల్లో, కూలి పనుల దగ్గర తలుపూ నీళ్లూ ఉన్న టాయిలెట్ కావాలని అడగడం కూడా ఈ జబ్బుకు చేసే వైద్యంలో భాగమే.

చివరిగా, ఆలస్యం చేయకూడని సందర్భాలు. చలి, వణుకుతో జ్వరం. నడుముకు ఒకవైపు నొప్పి. మందు నిలవనివ్వని వాంతులు. మూత్రంలో రక్తం, లేదా మూత్రం బొత్తిగా ఆగిపోవడం. మాట తడబడటం, మగతగా ఉండటం. గర్భిణికి జ్వరం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయాలి. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రిలో ముందు మూత్రం, రక్తం నమూనాలు తీసుకుని వెంటనే మందు మొదలుపెడతారు. కల్చర్ రిపోర్టు వచ్చాక అవసరమైతే మందు మారుస్తారు. కాబట్టి డిశ్చార్జి అయి ఇంటికొచ్చినా సరే, ఆ రిపోర్టు అడిగి తీసుకుని డాక్టరుకు చూపించడం మరిచిపోకూడదు.